నల్ల చేతులు

బండి నడిచినన్ని రోజులు మేం ఎవరికీ గుర్తురాం. ఆగిపోయిన రోజు మాత్రం "ఇక్కడ సాయిబు షాపు యాడుంది?" అని వెతుక్కుంటూ వస్తారు. వరంగల్‌లో మండిబజార్ అయినా, హన్మకొండ చౌరస్తా అయినా, కాజీపేట దర్గా దారి అయినా ఇదే మాట. మెకానిక్ షాపు అనరు, సాయిబు షాపు అంటారు. పనిచేసే నలుగురిలో ఒకడు పద్మశాలి పిల్లగాడు అయినా సరే, చేతులు నల్లగా ఉంటే చాలు, వాడూ సాయిబే. ఇది మాకు దక్కిన గౌరవమో అగౌరవమో ముప్పై అయిదేళ్ళుగా తేల్చుకోలేకపోతున్నాం.

మా షాపుల బోర్డులు ఎప్పుడైనా చదివారా? భారత్, నేషనల్, న్యూ ఇండియా - ఈ పేర్లే ఎక్కువ. కిరాణా కొట్టు పెట్టుకునే సేటుకు దేశం పేరు అవసరం పడదు. దేవుడి పేరో కొడుకు పేరో పెట్టుకుంటాడు. పానా పట్టుకునే సాయిబుకు మాత్రం నెత్తి మీద దేశం పేరు రాయించుకోవాలని ఎందుకు అనిపిస్తుందో మేం చిన్నప్పుడు మా ఉస్తాద్‌ని అడిగాం. "అచ్ఛా నామ్ హై బేటా" అని ఊరుకున్నాడు. పేరు మంచిదే. అంతకుమించి ఆయన చెప్పలేదు, మేం అడగలేదు. అడగకుండా అర్థమయ్యే రోజులు తర్వాత వచ్చాయి.

మేం ఈ పనిలోకి వచ్చింది 1980ల చివర. పరకాల వైపు నుంచి ఇద్దరం, వర్ధన్నపేట వైపు నుంచి ఒకడు, ఆజంజాహి మిల్లు కార్మికుల ఇళ్ళ నుంచి ఒకడు. 1934లో మొదలైన మిల్లు అది. ఊరికి అన్నం పెట్టిన మిల్లు. మేం పనిలో చేరే నాటికి అది కుంటుతోంది. తండ్రి మగ్గం దగ్గర నేర్చిన చెవి కొడుక్కి ఇంజను దగ్గర పనికొచ్చిందేమో. లేకపోతే ఆకలి పనికొచ్చింది.

మాలో ఇద్దరం దూదేకుల ఇళ్ళ నుంచి వచ్చినవాళ్ళం. ఇంట్లో మాట్లాడేది తెలుగే. ఊళ్ళో "తురకోళ్ళ పిల్లగాడు" అన్నారు. వరంగల్ వచ్చాక పెద్ద మజీదు దగ్గర "ఉర్దూ నై ఆతా? కైసే ముసల్మాన్ రే తుమ్?" అన్నారు. అక్కడ తురకలం, ఇక్కడ తురకలం కాము. మాకు ఉర్దూ నేర్పింది మదరసా కాదు. పానా, పేచ్‌కస్, పకడ్, హతోడీ నేర్పాయి. "చౌదా కా పానా లా" అంటే పద్నాలుగు నంబరు పానా అని తెలియడానికి రెండు రోజులు పట్టింది. "బస్" అంటే చాలని, "ఔర్" అంటే ఇంకా అని, "ధీరే" అంటే మెల్లగా అని తెలియడానికి ఇంకో వారం. మాతోపాటు ఆ పద్మశాలి పిల్లగాడూ అదే ఉర్దూ నేర్చుకున్నాడు. వాణ్ణి ఎవరూ "కైసే హిందూ రే తుమ్" అని అడగలేదు.

ఈ పనిలో మేం ఎక్కువమంది ఎందుకున్నాం అని అడిగే సెక్యులర్ మిత్రులు కొందరున్నారు. మావాళ్ళకు యంత్రాలంటే పుట్టుకతో వచ్చిన ప్రేమ అని వాళ్ళ అనుమానం. మాకు పుట్టుకతో వచ్చింది ఫీజు కట్టలేకపోవడం ఒక్కటే. నిజాం రోడ్డు రవాణా శాఖ 1932లో 27 బస్సులతో మొదలైంది. ఆ డిపోల్లో, రైల్వే షెడ్లలో పానా పట్టినవాళ్ళున్నారు. 1948 పోలీసు చర్య తర్వాత నిజాం కొలువుల్లో ఉన్న ఎందరికో కొలువులు పోయాయి. కొలువు పోయినవాడికి, భూమి లేనివాడికి, ఉర్దూ చదివి ఇక ఆ చదువుతో పనిలేకుండా పోయినవాడికి మిగిలింది చేతులు. మెమో అడగని పని, కులం సర్టిఫికెట్ అడగని పని, ఎవరి సిఫారసూ అక్కర్లేని పని ఇది. 2006లో సచార్ కమిటీ మమ్మల్ని లెక్కబెట్టింది. ముస్లింలు సర్కారు నౌకరీల్లో తక్కువ, సొంత పనుల్లో ఎక్కువ అని, ఆ పనుల్లో మోటారు రిపేరు ఒకటని రాసింది. మా గల్లీలో నిలబడి చూస్తే తెలిసే సంగతే. అయినా సర్కారు కాగితం మీద రాస్తే ఆ బరువు వేరు.

షాపులో చేరిన మొదటి ఏడాది మా పని గ్యాసునూనెలో సామాన్లు కడగడం, చాయ్ తేవడం, పంక్చర్లు. రెండో ఏడాది చైను, బ్రేకు, క్లచ్చు వైరు. ఆ తర్వాత ప్లగ్గు, పాయింటు. కార్బొరేటర్ అన్నిటికన్నా ఆఖరు. ఇంజను విప్పనిచ్చేవాడు గానీ కార్బొరేటర్ ముట్టనిచ్చేవాడు కాదు ఉస్తాద్. పిడికిలంత సామాను, ఇంజనేమో ఎత్తితే నడుం పడిపోయేంత. మాకు విడ్డూరంగా ఉండేది. "ఇంజను కళ్ళకు కనబడతది. ఇది కనబడదు. కాన్ సే దేఖ్‌నా పడ్‌తా" అనేవాడు. చెవితో చూడాలట.

లోపల జరిగేది ఆయన దోమల మందు పంపుతో చెప్పాడు. పంపు కొడితే గాలి ఒక సన్న గొట్టం నోటి మీదుగా జోరుగా పోతుంది. ఆ జోరుకు కింద డబ్బాలోని మందు దానంతటదే పైకి లేచి తుంపరగా వస్తుంది. కార్బొరేటర్‌లోనూ అంతే. ఇంజను గాలి పీలుస్తుంది, గాలి ఇరుకు దారిలో జోరందుకుంటుంది, అక్కడ ఒత్తిడి తగ్గి కింది గిన్నెలోంచి పెట్రోలు జెట్టు గుండా లేస్తుంది. పదిహేను పాళ్ళ గాలికి ఒక పాలు పెట్రోలు, తూకంలో. ఒక్క లీటరు పెట్రోలు సరిగ్గా కాలాలంటే తొమ్మిది వేల లీటర్ల దాకా గాలి కావాలి. ఈ లెక్క ఆయనకు తెలియదు, మేం చాలా ఏళ్ళ తర్వాత ఒక పాలిటెక్నిక్ పుస్తకంలో చదివాం. ఆయనకు తెలిసింది ప్లగ్గు రంగు. ప్లగ్గు విప్పితే చాయ్‌పత్తి రంగులో ఉండాలి. తెల్లగా ఉంటే గాలి ఎక్కువ, పెట్రోలు తక్కువ. మసి పట్టి నల్లగా ఉంటే పెట్రోలు ఎక్కువ. పుస్తకం చెప్పిందీ అదే.

కొత్తగా పట్టేవాడికి ముందు నేర్పేది విప్పడం కాదు, కడగడం. మట్టి మీద ఉండగా విప్పితే ఆ మట్టి లోపలికే పోతుంది. పైన బ్రష్షుతో కడిగి, పెట్రోలు కాకు మూసి, అప్పుడు విప్పాలి. గిన్నె పేచ్‌లు మెత్తటివి. వాటి తలకు సరిపోని పేచ్‌కస్ పెట్టి తిప్పితే తల చెదిరి, ఇంక ఆ పేచ్ ఎవరికీ రాదు. గిన్నె దించి అడుగున చూడాలి. వానాకాలంలో నీళ్ళు దిగి ఉంటాయి. పెట్రోలు కింద నీటిచుక్క పాదరసం లాగ అటూ ఇటూ దొర్లుతుంది. తర్వాత ఫ్లోటు. చెవి దగ్గర పెట్టుకుని ఊపాలి. లోపల పెట్రోలు కదిలిన చప్పుడు వస్తే అది చిల్లుపడ్డట్టే, ఇంక తేలదు. ఫ్లోటు కింద ఉండే చిన్న సూది మొనకు చుట్టూ గీత పడితే సరిగ్గా మూసుకోదు. బండి నిలబెట్టిన చోట పెట్రోలు కారుతుంటే కారణం తొంభై పాళ్ళు అదే.

ఇక జెట్లు. పెద్దది మెయిన్ జెట్టు, బండి జోరుగా పోయేటప్పుడు పనిచేసేది. చిన్నది స్లో జెట్టు, దాని బెజ్జం వెంట్రుక దూరేంత. చోక్ లాగితే నడిచి, చోక్ వదిలితే ఆగిపోయే బండికి జబ్బు అక్కడ ఉంటుంది. కొత్తవాడి చెయ్యి వెంటనే క్లచ్చు వైరు పోగు కోసం పోతుంది, పొడిచి శుభ్రం చేద్దామని. ఉస్తాద్ మమ్మల్ని కొట్టింది చాలా తక్కువ గానీ, ఈ ఒక్కదానికి కొడతానని ముందే చెప్పిపెట్టాడు. ఇత్తడి మెత్తన, ఇనుప తీగ గట్టిది. ఒక్కసారి గీరితే బెజ్జం పెద్దదవుతుంది, ఆ బండి ఇంక బతికినంత కాలం ఎక్కువ తాగుతుంది, ఎందుకో ఎవరికీ తెలియదు. పెట్రోలులో నానబెట్టాలి, గాలి కొట్టాలి, ఎండకేసి పట్టి చూడాలి. బెజ్జంలోంచి సూర్యుడు గుండ్రంగా కనబడితే సాఫయినట్టు. రంజాన్ నెలాఖరున పెద్దవాళ్ళంతా మజీదు మెట్ల మీద నిలబడి నెలవంక కోసం ఆకాశం చూసేవాళ్ళు. మేం ఏడాది పొడుగునా ఒక్క కన్ను మూసి జెట్టులోంచి సూర్యుణ్ణి చూసేవాళ్ళం.

స్లైడు కింద వేలాడే నీడిల్‌కు అయిదు గాడులుంటాయి, ఒక గాడిలో చిన్న లాకు. లాకు కిందికి మారిస్తే నీడిల్ పైకి లేచి పెట్రోలు పెరుగుతుంది. లాకు పైకి మారిస్తే తగ్గుతుంది. అన్నీ బిగించాక ట్యూనింగు. ఇంజను వేడెక్కకుండా ట్యూనింగు మొదలుపెట్టేవాడు మెకానిక్ కాదు. ఎయిర్ పేచ్‌ను మెల్లగా, ఆనేదాకా మాత్రమే మూసి, అక్కడి నుంచి ఒకటిన్నర చుట్టు తెరవాలి. ఆర్‌ఎక్స్ 100కైనా బుల్లెట్టుకైనా మొదటి లెక్క అదే. ఆ తర్వాత పావు చుట్టు ఇటు, పావు చుట్టు అటు. ఒక చోట చప్పుడు తేటపడి రేసు దానంతటదే పెరుగుతుంది. అదే దాని చోటు. అక్కడ ఆపి స్లో పేచ్‌తో రేసు తగ్గించుకోవాలి. కొన్ని బండ్లకు ఈ పేచ్ ఇంజను వైపు ఉంటుంది, అది గాలిని కాదు, ఇంజనులోకి పోయే మిశ్రమాన్నే ఆపుతుంది. దానికి అంతా తలకిందులు. పేచ్ ఏ వైపుందో చూడకుండా చెయ్యి పెట్టొద్దని మేం ఇప్పటికీ పిల్లలకు చెబుతాం.

ఆ రోజుల్లో వచ్చిన ప్రతి మనిషి అడిగేది ఒకటే: "మైలేజీ పెంచు సాయిబూ, జెర బిగించు." పెట్రోలు తగ్గించమని. చేతక్‌కు, రాజ్‌దూత్‌కు ఇంజను నూనె పెట్రోలులోనే కలిసి పోతుంది, చేతక్‌కు లీటరుకు 20 మిల్లీలీటర్లు. పెట్రోలు తగ్గితే నూనె కూడా తగ్గుతుంది, ఎండాకాలం వరంగల్ రోడ్డు మీద పిస్టను పట్టేస్తుంది. ఉస్తాద్ బిగించేవాడు కాదు. బిగించకపోతే "మీరు ఎక్కువ తాగేటట్టే పెడతరు, మళ్ళ రావాలె గద" అనేవాళ్ళు. పెట్రోలులో కల్తీ ఉందంటే నమ్మేవాళ్ళు కాదు. అప్పుడు ఆయన ఒక తెల్ల కాగితం మీద వాళ్ళ ట్యాంకులోంచి రెండు చుక్కలు వేసేవాడు. మంచి పెట్రోలయితే ఆరి మాయమవుతుంది. కిరసనాయిలు కలిస్తే మరక మిగులుతుంది. ఆ మరక చూపించి ఏమీ మాట్లాడకుండా ఇంకో బండి దగ్గరికి పోయేవాడు. నిజం చెబుతున్నామని రుజువు చూపాల్సిన బాధ్యత ఎప్పుడూ మాదే. ఈ దేశంలో మా మిగతా విషయాలకు మల్లేనే.

1996 మార్చి 9. బెంగళూరులో ప్రపంచ కప్పు క్వార్టర్ ఫైనల్, ఇండియా పాకిస్తాన్. షాపులో రేడియో పెట్టుకుని పదిమంది కూచున్నారు. వెంకటేష్ ప్రసాద్ ఆమిర్ సొహైల్‌ను బౌల్డ్ చేసినప్పుడు అందరూ ఎగిరారు. ఎగిరి మా వైపు చూశారు, మేం ఎగిరామా లేదా అని. మేం వాళ్ళు చూడకముందే ఎగిరాం. అయినా లాభం లేదు. "ఏం సాయిబూ, జెర ఆలస్యంగ లేచినట్టున్నవ్?" అన్నాడు ఒకాయన నవ్వుతూ. ఎవరు ఎంత ఎత్తు ఎగరాలో కొలిచే పట్టీ వాళ్ళ చేతుల్లో ఉంది. 1992 డిసెంబరు తర్వాత ఆ పట్టీ ఇంకాస్త పొడుగయింది.

1999లో మాలో ఇద్దరం సొంతంగా షాపు పెట్టుకుందామని హన్మకొండలో షెట్టర్ కోసం తిరిగాం. ఖాళీగా ఉన్నవి చాలా కనబడ్డాయి. పేరు చెప్పేదాకా కిరాయి మాట్లాడేవాళ్ళు, పేరు చెప్పాక ఎవరికో ఇచ్చామనేవాళ్ళు. ఆఖరుకు మా పాత గిరాకీ ఒకాయన దగ్గరికే పోయాం. తొమ్మిదేళ్ళు ఆయన బుల్లెట్టు మా చేతుల్లోనే ఉంది. ఇంటిముందు షెట్టర్ మూసే ఉంది. చాయ్ ఇప్పించాడు. "మీరంటె నాకేం లేదు, పక్కపొంటోళ్ళు ఒప్పుకోరు" అన్నాడు. లేచి బయటికొస్తుంటే వెనక నుంచి పిలిచాడు: "అన్నట్టు, బండి స్లోల ఆగుతలేదు. రేపు తెస్త."

తెచ్చాడు. కార్బొరేటర్ విప్పి గిన్నె దించి అన్నీ గుడ్డ మీద వరసగా పరిచాం. నీడిల్ లాకు ఒక్క గాడి పైకి మారిస్తే చాలు. బండి స్టార్టవుతుంది, నడుస్తుంది, మైలేజీ కూడా పెరిగిందని సంబరపడతాడు. మే నెల వేడికి వాల్వు కాలిపోతుంది. ఎందుకు కాలిందో ఈ ఊళ్ళో ఎవడూ చెప్పలేడు. మేం ఇద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. ఏం అనుకుంటున్నామో ఇద్దరికీ తెలుసు. లాకు ఉన్న గాడిలోనే పెట్టాం. ఎయిర్ పేచ్ ఒకటిన్నర చుట్టు, ఆపైన పావు. చప్పుడు తేటపడింది. పైసలు తీసుకున్నాం, పైసా తక్కువ తీసుకోలేదు. ఇందులో మా మంచితనం ఏమీ లేదు. తప్పుడు చప్పుడు చేసే బండి మా షాపులోంచి బయటికి పోతే మా చెవులు ఊరుకోవు.

బయటివాళ్ళ సంగతి చెప్పి లోపలివాళ్ళ సంగతి దాచడం న్యాయం కాదు. మా చేతులు చూసి మొహం తిప్పుకున్నది పక్క గల్లీవాళ్ళే కాదు. షరీఫ్ ఖాందాన్ అనిపించుకునేవాళ్ళు, పాత జాగీరుల పేర్లు ఇంకా పేరు చివర మోస్తున్నవాళ్ళు, మాలో ఒకడికి పిల్లనివ్వడానికి "కాలే హాథ్ వాలే" అని పనికిరావన్నారు. దూదేకుల అన్నది రెండో కారణం, అది గొంతు తగ్గించి చెప్పారు. జుమ్మా రోజు గ్యాసునూనెతో, ఆపైన సర్ఫుతో రుద్దుకుని వజూ చేసుకుంటే గోళ్ళ సందుల నలుపు పోదు. మజీదులో పక్కన నిలబడ్డ అత్తరు షేర్వానీ కొంచెం జరిగేది. భుజానికి భుజం కలిపి నిలబడాలని చెప్పే మతం మాది. ఆ రెండంగుళాల సందు సంగతి ఖుత్బాలో ఎన్నడూ రాలేదు.

దసరా ముందు రోజు మాత్రం మేం అందరికీ కావలసినవాళ్ళం. అర్ధరాత్రి దాకా బండ్లు కడిగేవాళ్ళం. తెల్లవారి ఆ బండ్లకు పసుపు, కుంకుమ, నిమ్మకాయలు. కొందరు మా పానాలకు కూడా బొట్టు పెట్టి పోయేవాళ్ళు. ఉస్తాద్ తుడవనిచ్చేవాడు కాదు. గురువారం సాయంత్రం వాటికే ఊదు పొగ పట్టేవాడు. ఇది షిర్కు అని ఒక తబ్లీగు జమాత్ ఆయన చెప్పి పోయాడు. ఉస్తాద్ విని, చాయ్ ఇప్పించి, ఆయన స్కూటరుకు ప్లగ్గు సాఫ్ చేసి పంపించాడు.

ఆర్‌ఎక్స్ 100 తయారీ 1996లో ఆగింది. 2020 ఏప్రిల్ 1 నుంచి బీఎస్ 6 వచ్చింది. కొత్త బండ్ల మీంచి కార్బొరేటర్ దాదాపు పోయింది. దాని చోట ఇంజెక్టరు, సెన్సారు, చిన్న కంప్యూటరు. పదిహేను పాళ్ళ గాలికి ఒక పాలు పెట్రోలు అన్న లెక్క ఇప్పుడు అదే చూసుకుంటుంది, ఉస్తాద్ చెవికన్నా బాగానే చూసుకుంటుంది, కాదనం. పొగ తగ్గింది, మంచిదే. కానీ దాన్ని విప్పాలంటే స్కానరు కావాలి, ట్రైనింగు కావాలి, ట్రైనింగుకు పదో తరగతి మెమో కావాలి. మెమో అడగని పనిలోకి మెమో వచ్చింది. ముప్పై ఏళ్ళు పనిచేసిన చేతుల్ని ఒక కౌంటరు దగ్గర "క్వాలిఫికేషన్?" అని అడిగితే ఏం చెప్పాలి? చూపించడానికి నలుపు ఉంది.

2007లో వచ్చిన నాలుగు శాతం రిజర్వేషను మాలో ఒకరి బిడ్డను బీటెక్ దాకా తీసుకుపోయింది. ఆ అమ్మాయి స్కానరు తెప్పించి తండ్రికి చూపించింది. స్క్రీను మీద అంకెలు చదివి ఆయన "ఇది స్లో జెట్టు కథే కదా" అన్నాడు. మిగతా ముగ్గురం పాత బండ్లతోనే ఉన్నాం. ఇప్పుడు వాటికే గిరాకీ. మేం ఒకప్పుడు నాలుగు వేలకు చేతులు మారడం చూసిన ఆర్‌ఎక్స్‌లను కుర్రాళ్ళు లక్ష రూపాయలకు కొని, "ఒరిజినల్ మికునీ ఉంచండి అంకుల్, చప్పుడు అదే రావాలె" అంటూ వస్తున్నారు. వాటి జబ్బులూ మారాయి. పెట్రోలులో 20 శాతం ఇథనాల్ కలుస్తోంది. ఇథనాల్ గాలిలోని తేమను లాక్కుంటుంది. పాత రబ్బరు సీళ్ళను ఉబ్బించి పాడుచేస్తుంది. నెల రోజులు కదలని బండి గిన్నెలో ఆకుపచ్చ తుప్పు, జిగురు. బండి పక్కన పెట్టేవాళ్ళు కాకు మూసి గిన్నె ఖాళీ చేసి పెట్టాలి. చెబితే వినేవాళ్ళు తక్కువ.

ఉస్తాద్‌కు ఇప్పుడు చెవులు వినబడవు. సైలెన్సరు విప్పిన ఇంజన్ల పక్కన నలభై ఏళ్ళు కూచున్నవాడి చెవులు ఎన్నాళ్ళుంటాయి? మధ్యాహ్నం జొహర్ నమాజు అయ్యాక వచ్చి స్టూలు మీద కూచుంటాడు. మేం ట్యూనింగు చేస్తుంటే లేచి వచ్చి ఎడమ అరచెయ్యి పెట్రోలు ట్యాంకు మీద ఆనిస్తాడు. కుడి చెయ్యి సైలెన్సరు నోటి దగ్గర పెట్టి పొగ కొట్టే దెబ్బలు లెక్కబెడతాడు. కళ్ళు మూసుకుంటాడు. దెబ్బ తప్పితే వేలితో గాలిలో పావు చుట్టు తిప్పి చూపిస్తాడు, ఎటు తిప్పాలో. మేం అటు తిప్పుతాం.

"బస్" అంటాడు.